మిత్రుని వాకిటికి ఒక పూట ప్రయాణం

శుక్రవారం తెల్లవారితే చాలు, మన చేతుల్లోని ఫోన్లు గులాబీ పూలతో నిండిపోతాయి. ‘జుమా ముబారక్’ అన్న అక్షరాల చుట్టూ పూలు, దీపాలు, మీనారులు. పంపినవారు ఒక్క వ్రేలి తాకిడితో రెండు వందల మందికి పంపి ఉంటారు. అందుకున్నవారు మరొక పూవును వెదకి తిప్పి పంపుతారు. సలామును వ్యాపింపజేయమన్నది దైవప్రవక్త (స) ఆదేశం కనుక దీనిని మేము తప్పుపట్టబోము. దుబాయిలోని కుమారునికి, దమ్మామ్‌లోని అల్లునికి మన సలామును క్షణంలో చేర్చే సాధనం కూడా అల్లాహ్ అనుగ్రహమే. మా అభ్యంతరమల్లా ఈ పూల రాకపోకలతోనే స్నేహపు హక్కు తీరిపోయిందనుకోవడం గురించి. సలాము ఒక హక్కయితే జియారత్ మరొక హక్కు. జియారత్ అంటే కాళ్ళతో వెళ్ళి, కళ్ళతో చూచి రావడం.

సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసొకటి ఉంది. ఒక వ్యక్తి మరో ఊరిలో ఉన్న తన సోదరుణ్ణి చూడడానికి బయలుదేరాడు. అల్లాహ్ అతని దారిలో ఒక దైవదూతను నిలబెట్టాడు. ఎక్కడికి ప్రయాణమని దూత అడిగాడు. ఈ ఊరిలో ఉన్న తన సోదరుని వద్దకని అతను చెప్పాడు. అతని వల్ల నీకు రావలసిన మేలేదైనా ఉందా, దాని కోసం పోతున్నావా అని దూత మళ్ళీ ప్రశ్నించాడు. అలాంటిదేమీ లేదని, కేవలం అల్లాహ్ కొరకు అతణ్ణి ప్రేమిస్తున్నానని ప్రయాణికుడు జవాబిచ్చాడు. అప్పుడా దూత తాను అల్లాహ్ పంపగా వచ్చినవాడినని తెలిపి, నీవతణ్ణి ప్రేమించినట్లే అల్లాహ్ నిన్ను ప్రేమిస్తున్నాడన్న శుభవార్త వినిపించాడు.

ఈ హదీసును పాఠం చెప్పినప్పుడల్లా మేము విద్యార్థులను అడుగుతుంటాము: ఆ ప్రయాణికుని పేరేమిటి, ఆ ఊరేది, సోదరుని ఇంట ఏమి జరిగింది? హదీసులో వీటి ప్రస్తావన లేదు. అతను ఇంకా ఊరు చేరనే లేదు, మిత్రుని ముఖం చూడనే లేదు. బహుమానం దారిలోనే అందింది.

మదర్సాలో మాతో ఎనిమిదేళ్ళు చదివిన మిత్రుడొకరు ఇప్పుడు హైదరాబాదులో, ఒక విద్యార్థుల హాస్టలు క్రింది అంతస్తులో చిన్న క్యాంటీను నడుపుతున్నారు. పేరు వ్రాయకూడదని షరతు పెట్టారు కనుక మిత్రుడనే అంటాము. మా జమాఅత్‌లో అరబీ వ్యాకరణంలో ఆయనకు సాటి వచ్చేవారు లేరు. పరీక్ష ముందటి రాత్రి మేమందరము ఆయన చాప చుట్టూ చేరేవారము. చదువు ముగించాక పంతొమ్మిదేళ్ళు ఒక పట్టణపు మస్జిదులో ఇమామతు చేశారు. ఇద్దరు కుమార్తెలు. పెద్దమ్మాయి బి.యెడ్. చదువు, చిన్నమ్మాయి నర్సింగు చదువు ఒకేసారి వచ్చిపడ్డాయి. జీతం పెంచే మాటను కమిటీవారు ప్రతి రమజానులోనూ వచ్చే రమజానుకు వాయిదా వేస్తూ వచ్చారు. చివరికి ఆయన బావమరిది చూపించిన ఈ క్యాంటీనును కౌలుకు తీసుకుని నగరానికి వెళ్ళిపోయారు. భార్య, వృద్ధురాలైన తల్లి ఊరిలోనే ఉన్నారు. రెండు నెలలకొకసారి వెళ్ళి చూచి వస్తారు.

నగరానికి వెళ్ళిన మొదట్లో పాత విద్యార్థుల జల్సాలకు వచ్చేవారు. ఒకసారి భోజనాల వేళ ఎవరో, మౌలానా ఇల్మునంతా తీసుకువెళ్ళి చాయ్‌లో కలిపేశారని హాస్యమాడారు. దస్తర్‌ఖాన్ చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆయన కూడా నవ్వారు. మరుసటి సంవత్సరం నుండి రాలేదు. ఫోను చేస్తే మాత్రం వెంటనే ఎత్తేవారు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: “అల్‌హమ్దులిల్లాహ్ భాయి, అంతా ఖైరియత్.”

మొన్న శష్‌మాహీ పరీక్షలు ముగిసి మదర్సాకు నాలుగు రోజులు సెలవు దొరికింది. బుధవారం ఇషా తరువాత ఆయనకు ఫోను చేసి, రేపు ఉదయం వస్తున్నామని చెప్పాము. అటువైపు కొంతసేపు మాట లేదు. తరువాత అన్నారు: “రా భాయి. ఇల్లు కాదు సుమా, క్యాంటీను. కూర్చోవడానికి బల్ల ఉంది.”

ముందుగా చెప్పి వెళ్ళడం గురించి ఇక్కడ ఒక మాట. ఆకస్మికంగా వెళ్ళి ఆశ్చర్యపరచడం ప్రేమకు గుర్తని ఈ కాలపు పిల్లలు అనుకుంటున్నారు. దివ్యఖుర్‌ఆన్ ‘నూర్’ సూరా 27, 28 ఆయతులు ఇతరుల ఇళ్ళలోకి అనుమతి తీసుకుని, సలాము చేసి ప్రవేశించమంటున్నాయి. తిరిగి వెళ్ళమంటే తిరిగి వెళ్ళిపోవడమే మీకు పరిశుద్ధమని కూడా చెబుతున్నాయి. మూడుసార్లు అనుమతి కోరి, జవాబు రాకుంటే వెనుదిరగాలని హదీసులో ఉంది. మన ఇళ్ళలో ఈ రెండవ భాగాన్ని అమలుచేయడమే కష్టం. ఇంటివారు ‘ఇప్పుడు వీలుకాదు’ అంటే మనసు కష్టపెట్టుకుని, ఆ మాటను పది ఇళ్ళలో చెప్పేవారిని మేము చూచాము. ఫోను ఉన్న ఈ కాలంలో అనుమతి కోరడం ఎంత సులభమైందో చూడండి. ఫోను అసలు ప్రయోజనం ఇదేనని మా అభిప్రాయం: జియారత్‌కు బదులుగా కాక, జియారత్‌కు అనుమతి కోరడానికి.

వట్టి చేతులతో వెళ్ళకూడదని మా ఇంటివారు తెల్లవారుజామునే లేచి జొన్న రొట్టెలు కాల్చి, వేరుశనగ పొడి డబ్బాలో పోసి ఇచ్చారు. పరస్పరం కానుకలిచ్చుకుంటే ప్రేమ పెరుగుతుందన్న ప్రవక్త (స) బోధ ఉంది కదా. కానుక అనగానే మనవాళ్ళు మిఠాయి పెట్టె కొంటారు. యాభై దాటినవారి ఇళ్ళకు మిఠాయి పెట్టె మోసుకువెళ్ళడం ఈ రోజుల్లో ఎంతవరకు మేలో ఆలోచించవలసిందే.

ఫజ్ర్ నమాజు ముగించుకుని కర్నూలు బస్టాండులో బస్సెక్కాము. తుంగభద్ర వంతెన దాటుతుండగా ప్రయాణపు దుఆ చదువుకున్నాము. అలంపురం చౌరస్తా, బీచుపల్లి వద్ద కృష్ణమ్మ, ఆ తరువాత జడ్చర్ల, షాద్‌నగర్. సుమారు 210 కిలోమీటర్లు. మూసీ ఒడ్డున మహాత్మాగాంధీ బస్ స్టేషనులో దిగి, అక్కడే మెట్రో రైలెక్కితే అమీర్‌పేట వరకు మారవలసిన పని లేదు.

అమీర్‌పేట, సంజీవరెడ్డి నగర్ వీధుల గురించి తెలుగు ఇళ్ళలో తెలియనివారు తక్కువ. సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్చుకోవడానికి రెండు రాష్ట్రాల పిల్లలు అక్కడికి వస్తారు. వీధికిరువైపులా కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి మధ్య హాస్టళ్ళు. గదికి నలుగురైదుగురు. మెట్ల క్రింద చెప్పులు గుట్టలుగా ఉంటాయి. మా మిత్రుని క్యాంటీను బోర్డు మీద ‘కేఫ్’ అని ఉంది గాని, పిల్లలందరికీ అది ‘చాచా క్యాంటీన్’. నాలుగు బల్లలు, ఒక గాజు అల్మారా, అందులో ఉస్మానియా బిస్కట్లు, సమోసాలు. ఒక ప్రక్క మూతపెట్టి ఆవిరి పోకుండా మగ్గబెట్టిన డికాషను, మరొక ప్రక్క చిక్కబడే దాకా కాగుతున్న పాలు. చాచా కప్పులో ముందు డికాషను పోసి, పైన పాలు పోసి, చూడకుండానే ప్రక్కకు జరుపుతున్నారు.

మమ్మల్ని చూచి గరిటె వదిలి వచ్చారు. సలాములు, ముసాఫహా, ఆలింగనం. గడ్డం పూర్తిగా నెరసింది. భుజం చేతికి తగలగానే మనిషి ఎంత తగ్గిపోయారో తెలిసింది. ఫోనులో గొంతు మాత్రం మునుపటి గొంతే.

బల్ల వద్ద కూర్చోబెట్టి, మాకొక పౌనా చాయ్, ప్లేటులో బిస్కట్లు తెచ్చి పెట్టారు. తన కోసం ఏమీ తెచ్చుకోలేదు. అడిగితే చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. అప్పుడు గుర్తుకు వచ్చింది, అది గురువారం. సోమ, గురువారాల ఉపవాసం ఆయనకు విద్యార్థి దశ నుండి అలవాటు. ఆ అలవాటు అభినందనీయమే. అయితే ఆయనకు ఏడేళ్ళుగా షుగరు వ్యాధి ఉందని మాకు తెలుసు. ఉదయం 5 గంటలకు పొయ్యి వెలిగిస్తే రాత్రి 10 వరకు నిలబడి ఉండే పని అది.

ఆ సమయంలో మాకు హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) వృత్తాంతం మనసులో మెదిలింది. దానిని ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ సహీహ్‌లో నమోదు చేశారు. మదీనాలో దైవప్రవక్త (స) హజ్రత్ సల్మాన్‌కూ, హజ్రత్ అబూ దర్దా (రజి)కూ మధ్య సోదర సంబంధం ఏర్పరచారు. ఒకనాడు సల్మాన్ ఆ సోదరుణ్ణి చూడడానికి వెళ్ళారు. ఇంటి ఇల్లాలు ఉమ్మె దర్దా (రజి) అలంకరణ లేని మామూలు దుస్తుల్లో కనబడ్డారు. ఏమిటీ స్థితి అని సల్మాన్ అడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో పనే లేదని ఆమె చెప్పారు. అంతలో అబూ దర్దా వచ్చి అతిథికి భోజనం ఏర్పాటు చేసి, తాను ఉపవాసంతో ఉన్నానన్నారు. నీవు తినే వరకు నేను ముట్టనని సల్మాన్ పట్టుబట్టారు. ఆయన తిన్నారు. రాత్రి కాగానే అబూ దర్దా నమాజుకు లేవబోగా, పడుకోమన్నారు. మళ్ళీ లేవబోగా మళ్ళీ పడుకోబెట్టారు. రాత్రి చివరి భాగంలో, ఇప్పుడు లేవమని చెప్పి, ఇద్దరూ కలిసి నమాజు చేశారు. అప్పుడు సల్మాన్, నీ ప్రభువుకు నీపై హక్కుంది, నీ ప్రాణానికీ హక్కుంది, నీ ఇంటివారికీ హక్కుంది, ఎవరి హక్కు వారికిమ్మని హితవు చెప్పారు. అబూ దర్దా ఈ సంగతిని దైవప్రవక్త (స) సన్నిధిలో విన్నవించగా, సల్మాన్ చెప్పింది నిజమేనని ఆయన ధృవీకరించారు.

సల్మాన్ (రజి) అక్కడికి వెళ్ళకపోయి ఉంటే ఈ హదీసే మనకు ఉండేది కాదు. అబూ దర్దాను మస్జిదులో చూచినవారందరికీ ఆయన ఆరాధన కనబడింది. ఆ ఆరాధన వెనుక ఇంట్లో ఏమి జరుగుతున్నదో, గడప దాటి వచ్చిన స్నేహితునికే కనబడింది.

మేము చాయ్ కప్పును ప్రక్కకు జరిపి, నువ్వు త్రాగే వరకు మేము త్రాగమని చెప్పాము. ఆయన ఒక్క క్షణం చూచి, గట్టిగా నవ్వారు. “సల్మాన్ హదీసా?” అన్నారు. వ్యాకరణంలోనే కాదు, హదీసులోనూ మాకంటే ముందుండేవారు కదా! “మస్అలా నీకూ తెలుసు. నఫిల్ ఉపవాసం, అతిథి వచ్చాడు, జవాల్‌కు ఇంకా అరగంట పైనే ఉంది. పైగా నువ్వు రోగివి. తరువాత ఖజా చేసుకో,” అన్నాము. కొంతసేపు వాదించారు. పిమ్మట లేచి చక్కెర లేని చాయ్ ఒకటి తనే కలుపుకుని వచ్చి, మేము తెచ్చిన జొన్న రొట్టె విప్పారు. రెండు రొట్టెలు తిన్నారు. ఆ తినే తీరు చూస్తే సహరీలో కూడా ఏమీ తినలేదని అర్థమైంది.

ఆయన కప్పులు అందించడానికి లేచినప్పుడు మరొకటి కనబడింది. ఎడమ పాదాన్ని పూర్తిగా నేలకు ఆన్చడం లేదు. కుడి కాలికి చెప్పు, ఎడమ కాలికి మేజోడు, దాని మీద ఇంకా పెద్ద సైజు చెప్పు. సల్మాన్ (రజి)కు చెప్పడానికి ఇంట్లో ఉమ్మె దర్దా ఉన్నారు. ఇక్కడ చెప్పేవారెవరు అనుకుంటుండగానే, ప్రక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక కుర్రవాడు మా దగ్గరకు వచ్చాడు. శ్రీకాకుళం జిల్లా పిల్లవాడు. ముస్లిం కాడు. మెల్లగా అన్నాడు: “మీరు చాచా ఫ్రెండా సార్? ఆయన కాలు ఓసారి చూడండి సార్. మేమడిగితే ఏం లేదు బేటా అంటారు. రూములో రాత్రి మూలుగుతుంటారు.”

మేమడిగితే ఆయన మొదట ఒప్పుకోలేదు. జుహ్ర్ నమాజు తరువాత, క్యాంటీను వెనుక బియ్యం బస్తాల గదిలో మేజోడు విప్పించాము. బొటనవ్రేలి క్రింద రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ చర్మం తెల్లగా నాని ఉంది. వాసన వస్తోంది. చెప్పు అడుగున ఒక చిన్న మేకు మొన పైకి వచ్చి ఉంది. అది ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకే తెలియదు. నొప్పి తెలియలేదంటే పుణ్యమనుకున్నారు.

అదే వీధిలోని ఒక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాము. ఆయన సన్నని నైలాను పోగు ఒకటి తీసి, మిత్రుణ్ణి కళ్ళు మూసుకోమని, అరికాలిని అక్కడక్కడ తాకించారు. తగిలినప్పుడు చెప్పమన్నారు. పదిచోట్ల తాకిస్తే మూడుచోట్లే చెప్పగలిగారు. చక్కెర ఎక్కువకాలం అదుపు తప్పితే పాదాల నరాలు స్పర్శ కోల్పోతాయని, రక్తప్రసారం కూడా తగ్గి పుండు మానదని ఆయన వివరించారు. రక్తంలో చక్కెర 310 చూపింది. పుండును శుభ్రం చేసి, కట్టుకట్టి, మందులు వ్రాసి, ఇంకొక రెండు వారాలు ఇలాగే ఉంటే వ్రేలు తీసివేయవలసి వచ్చేదని అన్నారు.

కట్టు తడవకూడదని వైద్యుడనగానే మిత్రుని ముఖం మారిపోయింది. “వుజూ ఎలా?” అన్నారు. ఇన్ని వారాలుగా ఆయన రోజుకు ఐదుసార్లు ఆ పుండును కడిగి, తడి కాలితోనే మేజోడు తొడుక్కుని పొయ్యి దగ్గర నిలబడుతున్నారు. మస్అలా తెలియక కాదు. గాయానికి నీళ్ళు హాని చేస్తాయంటే కట్టు మీద తడి చేయి తుడిస్తే చాలునని, కట్టు కట్టినప్పుడు వుజూతో ఉండడం కూడా షరతు కాదని, గాయం మానే వరకు దానికి గడువు లేదని మాతోపాటే చదివారు. మస్జిదులో ఎందరికో చెప్పారు కూడా. ఇతరులకు చెప్పే సౌలభ్యాన్ని తనకు వర్తింపజేసుకోవడం తఖ్వాకు లోటనుకునే స్వభావం కొందరు మంచివారిలో ఉంటుంది. అబూ దావూద్ గ్రంథంలో ఒక సంఘటన ఉంది. ప్రయాణంలో ఒకతనికి రాయి తగిలి తల పగిలింది. స్నానం విధి అయినప్పుడు తయమ్ముమ్‌కు అవకాశముందా అని సహచరులనడిగితే, నీళ్ళుండగా లేదన్నారు. స్నానం చేశాడు, మరణించాడు. వార్త విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా బాధపడి, వారే అతణ్ణి చంపారని, తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందని అన్నారు. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యం కూడా షరీఅత్‌లోని భాగమే. రోగులకు రమజాను ఉపవాసాల్లోనే ‘బఖర’ సూరా మినహాయింపు ఇచ్చి, ఇతర దినాల్లో లెక్క పూర్తి చేసుకోమన్నప్పుడు, నఫిల్ సంగతి చెప్పనే అక్కరలేదు.

ఇది చదువుతున్న ఇళ్ళలో షుగరు వ్యాధి లేని ఇల్లు ఎన్నో మాకు తెలియదు గాని, మా బంధువర్గంలో లేని ఇల్లు లేదు. వైద్యుడు మిత్రునితో చెప్పినవి అందరికీ పనికివస్తాయి. ప్రతి రాత్రి అరికాళ్ళు చూచుకోవాలి. వంగలేనివారు అద్దం పెట్టుకునైనా, భార్యకో పిల్లలకో చూపించైనా చూచుకోవాలి. ఇంట్లో కూడా వట్టికాళ్ళతో నడవకూడదు. చెప్పు తొడిగే ముందు లోపల చేయి పెట్టి తడిమి చూడాలి. తిమ్మిరి తగ్గుతుందని వేడినీళ్ళలో కాళ్ళు పెట్టకూడదు. వేడి తెలియని చర్మం కాలిపోతుంది. వ్రేళ్ళ మధ్య తడి లేకుండా తుడుచుకోవాలి. ఈ చివరి మాట విని మేమిద్దరమూ ఒకరినొకరము చూచుకున్నాము. వుజూలో కాలి వ్రేళ్ళ మధ్య ఖిలాల్ చేయడం సున్నత్. రోజుకు ఐదుసార్లు ప్రతి వ్రేలినీ విడదీసి తడిమే అవకాశం నమాజీకి ఉంది. పుండ్లు లేనివారు ఆ వేళ కాస్త కళ్ళు కూడా అటు త్రిప్పితే చాలు.

తిరిగి వచ్చేసరికి మస్జిదులో అస్ర్ జమాఅత్ ముగిసింది. బస్తాల గదిలోనే జానిమాజు పరచాము. హాస్టలులోని ముగ్గురు ముస్లిం విద్యార్థులు వచ్చి చేరారు. మిత్రుడు కూర్చుని చేయాలి కనుక మమ్మల్ని ముందుకు నెట్టారు. మేము ముసాఫిర్‌లము, రెండు రకాఅత్‌లకే సలాము చెబుతాము, మీరు లేచి మిగిలిన రెండు పూర్తి చేసుకోండని ముందే ప్రకటించాము. అయినా నమాజు తరువాత వారిలో ఒకడు, నంద్యాల పిల్లవాడు, దగ్గరకు వచ్చి, “హజ్రత్, మీరు రెండు మరిచిపోయారేమో,” అన్నాడు. ఇంజనీరింగు పూర్తి చేసిన బిడ్డ. ఖస్ర్ నమాజు గురించి ఎవరూ చెప్పలేదట. ఊరు వదిలి నెలల తరబడి హాస్టళ్ళలో ఉండే పిల్లలకు ప్రయాణికుని మస్అలాలు కావాలి. పదిహేను రోజులు, అంతకు మించి ఒకే చోట ఉండే సంకల్పం ఉంటే వారు ముఖీమ్‌లవుతారని, నాలుగు రకాఅత్‌లు చేయాలని కూడా కావాలి. చాచా వారానికొకసారి రాత్రి క్యాంటీను కట్టేశాక ఇలాంటివి చెబుతుంటారని మిగతా ఇద్దరు అన్నారు. ఈ సంగతి కూడా ఆయన ఫోనులో ఎన్నడూ చెప్పలేదు.

సాయంత్రం రద్దీ మొదలయ్యే లోపు మాకు ముప్పావు గంట దొరికింది. ఆ రోజు జల్సాలో జరిగిన హాస్యం మాట ఆయనే ఎత్తారు. పౌరుషంగా అనలేదు. “నిజమే కదా భాయి, పంతొమ్మిదేళ్ళు మింబరు మీద ఉన్నవాణ్ణి. ఇప్పుడు వన్ బై టూ అని పిలిస్తే పరుగెత్తుతున్నాను,” అన్నారు.

దీనికి మేమిచ్చిన జవాబు మన పాఠ్యగ్రంథాల అట్టల మీదే ఉంది. ‘ముఖ్తసర్’ వ్రాసిన ఇమామ్ ఖుదూరీ పేరు కుండలకు సంబంధించినది. హిజ్రీ 261లో మరణించిన ఇమామ్ ఖస్సాఫ్ చెప్పులు కుట్టి బ్రతికారు. ఆయన బిరుదే ఆ వృత్తి. జస్సాస్ అంటే సున్నం పనివాడు. షాఫయీ ఫిఖ్హ్‌లో మహా పండితుడైన ఇమామ్ ఖఫ్ఫాల్ ముప్పై ఏళ్ళ వరకు తాళాలు చేసే కమ్మరి. మన ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో పట్టుబట్టల వర్తకులు. ఆ కాలంలో ఎవరూ ఇల్మును సున్నంలో కలిపేశావని జస్సాస్‌ను ఎగతాళి చేసి ఉండరు. తన చేతి సంపాదన కంటే మంచి ఆహారం ఎవరూ తినలేదని, ప్రవక్త దావూద్ (అలై) తన చేతి కష్టంతోనే తినేవారని బుఖారీ హదీసు ఉంది. మస్జిదు కమిటీలు ఇమాముకు కుటుంబం గడిచే జీతం ఇవ్వవు; ఆయన వేరే పని చూచుకుంటే మాత్రం ఇల్ము పరువు పోయిందంటాయి. ఈ రెండు మాటలూ ఒకే నోటి నుండి రావడమే మాకు వింతగా ఉంటుంది.

ఆయన మౌనంగా విని, ‘తాలీముల్ ముతఅల్లిమ్’లోని హల్వానీ కథను తానే అందుకున్నారు. షమ్సుల్ అయిమ్మా హల్వానీ తండ్రి బీదవాడు, హల్వా అమ్ముకునేవాడు. దారిన పోయే పండితులకు కొంచెం హల్వా ఇచ్చి, నా కొడుకు కోసం దుఆ చేయండని అడిగేవాడు. ఆ కొడుకే హనఫీ ఇమాములలో ఒకడయ్యాడు. “నా దగ్గర హల్వా లేదు, బిస్కట్లున్నాయి,” అన్నారు మిత్రుడు, “పరీక్షల ముందు డబ్బు లేని పిల్లలకు అప్పుగా ఇస్తాను. తిరిగి ఇవ్వకపోయినా వ్రాసుకోను. నా ఆడపిల్లల కోసం దుఆ చేయమంటాను. హిందూ పిల్లలు కూడా సరే అంటారు.”

వచ్చే ముందు మూడు మాటలు ఒప్పుకునే వరకు లేవలేదు. ఒకటి, ఊరిలోని భార్యకు కాలి సంగతి ఆ రాత్రే చెప్పడం. రెండు, ఒక నెల పాటు బావమరిది కుమారుణ్ణి పొయ్యి దగ్గర నిలబెట్టి, తాను గల్లా దగ్గర కూర్చోవడం. మూడు, కాలు నయమయ్యే వరకు నఫిల్ ఉపవాసాలు మానడం. మూడవది ఒప్పించడానికే ఎక్కువ సమయం పట్టింది. మగ్రిబ్ నమాజు చేసి మెట్రో ఎక్కాము. శ్రీకాకుళం పిల్లవాడు స్టేషను మెట్ల దాకా మా సంచి మోసుకువచ్చాడు. మా ఫోను నంబరు అడిగి తీసుకున్నాడు.

ఇది జరిగి ఐదు వారాలయింది. ఇప్పుడు మాకు శుక్రవారం ఉదయం వచ్చే సందేశాల్లో ఒకటి ఆ పిల్లవాడిది. పూలుండవు, కట్టు విప్పిన పాదం ఫొటో ఉంటుంది. మొన్నటి ఫొటోలో పుండు పప్పు బద్దంతకు తగ్గింది, అల్‌హమ్దులిల్లాహ్. మిత్రుని భార్య రెండుసార్లు వెళ్ళి వచ్చారు. మస్జిదు కమిటీల పద్ధతి గురించి మేమన్నది ఈ వ్యాసంలో తప్పక వ్రాయమని ఆయన గుర్తు చేశారు, వ్రాశాము.

అన్నట్లు, ఆ రోజు క్యాంటీనులో పాత సహాధ్యాయుల పేర్లు ఒక్కొక్కటే తలచుకుంటుండగా ఎమ్మిగనూరులోని ఒకరి దగ్గర ఆగాము. ఆయన కూడా ఎప్పుడు ఫోను చేసినా ఖైరియత్ అనే అంటున్నారట. గొంతులో ఏదో తేడా ఉందని మిత్రుడన్నారు. వచ్చే జమాదిల్ అవ్వల్ మొదటి గురువారం మేమిద్దరమూ, ఆదోనిలోని ఇంకొకరూ కలిసి వెళ్ళాలని నిశ్చయించుకున్నాము, ఇన్‌షా అల్లాహ్. అతిథికి మూడు రోజుల హక్కుంది గాని ఒక పూటే ఉంటాము. రొట్టెలు ఈసారి ఆదోని నుండి వస్తాయి. ఫోను చేసి అనుమతి అడిగాము, రమ్మన్నారు.